ఆఖరివారు ఎవరు?

చిరంజీవి రఘుకు ఆశీస్సులు.

నీ కథ అంది మూడు వారాలైంది. జవాబు ఆలస్యమైనందుకు నా కంటి ఆపరేషన్‌ను తిట్టుకో, నన్ను కాదు. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అని రాశావు. ఇంతకుముందు ఆ మాట అన్నవాళ్లలో సగం మంది తర్వాత నాతో మాట్లాడడం మానేశారు. నువ్వు ఏ సగంలో తేలతావో చూద్దాం.

టాంపాలో ఉద్యోగం చేసుకుంటూ, ఆఫీసులో పక్క సీటు క్యూబా ఆయన చెప్పిన కబుర్లు విని వాళ్ల రాజధాని హవానా మీద కథ రాయాలనుకోవడం నాకు నచ్చింది. అమెరికా వెళ్లిన మనవాళ్ల కథల్లో మంచు, ఒంటరితనం, ఆవకాయ జాడీ ఉంటాయి గాని పక్కింటివాడు కనిపించడు. నీకు కనిపించాడు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇక గొడవలోకి దిగుదాం. నీ కథలో మార్తా అనే 83 ఏళ్ల ముసలామె రొట్టె కోసం నాలుగు గంటలు ఎండలో నిలబడుతుంది. "అగ్రరాజ్యపు ఉక్కుపిడికిలిలో నలిగే చిన్న దీవి కన్నీటి చుక్కలా" నిలబడుతుంది. చివరికి సముద్రపు గోడ మీద కూర్చుని మయామీలోని కొడుకు వైపు చెయ్యి ఊపుతుంది. ఉక్కుపిడికిలినీ కన్నీటి చుక్కనూ పెన్సిలుతో కొట్టేశాను. మార్తాను ఉంచాను. కానీ ఆమె అలా నిలబడదు నాయనా.

హవానాలో వరుస మన సినిమా హాలు ముందు తోపులాటలాంటిది కాదు. దుకాణం దగ్గరకు వచ్చిన మనిషి "ఎల్ ఉల్తిమో?" అని గట్టిగా అడుగుతుంది. ఆఖరివారు ఎవరు అని. ఎవరో చెయ్యెత్తుతారు. ఆ ముఖం గుర్తుపెట్టుకుని, "మీ ముందు ఎవరు?" అని కూడా అడుగుతుంది. ఈయన విసిగి ఇంటికి వెళ్లిపోతే తన చోటు గల్లంతవుతుంది కదా! ఆ తర్వాత వచ్చినవారు అడిగితే ఇప్పుడు తాను చెయ్యెత్తి, పోయి చెట్టునీడలోనో ఎదురింటి మెట్ల మీదో కూర్చుంటుంది. చూసేవాడికి అక్కడ వరుసే ఉండదు. పది మంది పది చోట్ల కబుర్లాడుతుంటారు. ఎవరి వెనక ఎవరో మాత్రం అందరి బుర్రల్లోనూ ఉంటుంది. డబ్బు తీసుకుని ఇంకొకరి బదులు వరుస కాసేవారు కూడా ఉన్నారు, వారికి "కొలేరో" అని పేరు. నీ మార్తా చేత ఒకసారి చెయ్యెత్తించు. ఎండ సంగతి పాఠకుడు చూసుకుంటాడు.

రొట్టెను "రేషన్ రొట్టె" అని రెండు మాటల్లో దాటేశావు. రేషన్ అంటే మన పాఠకుడికి ఒకరు చెప్పాలా? తూకంలో కోత దగ్గర్నుంచి, వేలిముద్ర పడలేదని ముసలివాళ్లను వెనక్కి పంపడం దాకా అన్నీ అనుభవమే. ఆ అనుభవాన్ని వాడుకో. అక్కడి కార్డు ఒక చిన్న పుస్తకం, "లిబ్రేతా" అంటారు. 1962లో మొదలైంది. దుకాణం పేరు "బొదేగా". బియ్యం, చిక్కుడు గింజలు, చక్కెర, నూనె, ఏడేళ్లలోపు పిల్లలకు పాలు, తలకు రోజుకొక రొట్టె. సరుకు రావాల్సిన నాటికి వస్తుందన్న నమ్మకం లేదు. కాఫీ పొడిలో బఠాణీ కలిపి ఇస్తారు. రొట్టె 80 గ్రాములు ఉండేది, 2024లో 60 గ్రాములకు తగ్గించారు. నీ కథ నడిచేది ఆ ఏడాది డిసెంబరులో. మార్తా ఆ రొట్టెను అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఎగరేసి చూడదూ?

చక్కెర గురించి ఇంకా చాలా రాయాలి. ఆ దీవి చరిత్రంతా చెరకు తోటల్లోనే జరిగింది. ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చింది ప్రధానంగా చెరకు కోసం. 1868 అక్టోబరు 10న సెస్పెదెస్ అనే మిల్లు యజమాని తన బానిసలను విడిచిపెట్టి స్పెయిన్ మీద తిరుగుబాటు మొదలుపెట్టింది చక్కెర మిల్లు ఆవరణలోనే. చట్టప్రకారం బానిసత్వం పోవడానికి మాత్రం 1886 దాకా పట్టింది. తర్వాతి కాలంలో పంట కొన్న పెద్ద షావుకారు పొరుగు దేశం అమెరికాయే. చమురు శుద్ధి కర్మాగారాలను క్యూబా విప్లవ నాయకుడు కాస్ట్రో స్వాధీనం చేసుకున్నాడన్న కోపంతో 1960లో కొనడం ఆపేసిందీ అదే. అప్పుడు సోవియట్ యూనియన్ కొన్నది. 1970లో కోటి టన్నుల చక్కెర తీసి తీరాలని కాస్ట్రో దేశాన్నంతా చేలల్లోకి దింపితే 85 లక్షలు వచ్చాయి, మిగతా పనులు మూలనపడ్డాయి. ఈమధ్య కొన్నేళ్లుగా 5 లక్షల టన్నులు కూడా రావడం లేదు, చక్కెర బయటినుంచి తెప్పించుకుంటున్నారు. మార్తా తండ్రి చెరకు నరికేవాడని రెండో పేజీలో ఒక వాక్యం రాసి మరిచిపోయావు. ఆయన కూతురు ఇప్పుడు కాఫీలో పరాయి దేశపు చక్కెర వేసుకుంటోంది. ఆ చెంచా దగ్గర కాసేపు ఆగవయ్యా.

ఇక అసలు పేచీ. ఒక పేజీలో "దిగ్బంధనం" అన్నావు, ఇంకో పేజీలో "ఆంక్షలు" అన్నావు. ఒకే మాట మళ్లీ మళ్లీ రాయకూడదని తొమ్మిదో తరగతిలో నేనే చెప్పి ఉంటాను, పాపం నాదే. కానీ అక్కడ అవి రెండు పక్షాలు. హవానా ప్రభుత్వం "బ్లొకేఓ" అంటుంది, దిగ్బంధనం. వాషింగ్టన్ "ఎంబార్గో" అంటుంది, మా సరుకు మేం అమ్మం, అంతేగా అన్నట్లు. 1962 ఫిబ్రవరి నుంచి ఇది పూర్తిగా అమల్లో ఉంది. 1996 నాటి అమెరికా చట్టం వేరే దేశాల కంపెనీలను కూడా కోర్టుకీడుస్తానని బెదిరిస్తుంది కాబట్టి "మేం అమ్మం" అన్నంత సాదా వ్యవహారం కాదు. అలాగని ఓడలు అడ్డం పెట్టి తిండి ఆపడమూ కాదు. 2000లో ఇచ్చిన సడలింపు పుణ్యమా అని అమెరికా కోడిమాంసం, ముందే రొక్కం కట్టించుకుని మరీ, హవానా చేరుతూనే ఉంది. మార్తా వండే కోడికాలు పొరుగువాడి ఫారంలో పెరిగినదే కావచ్చు. 2023లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో దీన్ని ఎత్తివేయాలని 187 దేశాలు ఓటేశాయి, మన దేశంతో సహా. వద్దన్నవి అమెరికా, ఇజ్రాయెల్.

వీధిలో మూడో మాట ఒకటి వినిపిస్తుంది: "లోపలి దిగ్బంధనం". సొంత ప్రభుత్వం కార్యాలయంలో కాగితం కదలకపోవడం, పండించినవాడు తన ఇష్టానికి అమ్ముకోలేకపోవడం, 1968లో బడ్డీకొట్లతో సహా వేలకొద్దీ చిన్న దుకాణాలను సర్కారు లాక్కోవడం, ఇలాంటివన్నీ దాని కిందికి వస్తాయి. మార్తా వీటిలో ఏ మాట వాడుతుంది? కొడుకు ఏది వాడతాడు? మెట్ల కింద వాటాలో ఉన్న పార్టీ మనిషి? నువ్వు ముగ్గురి నోటా ఒకటే మాట పెట్టావు. అది నీ మాట.

ఇది చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందంటే, నేనూ ఇదే తప్పు చేశాను. సోవియట్ యూనియన్ కూలిపోయాక క్యూబాకు చమురూ తిండీ ఆగిపోయాయి. ఆ కరువుకు ప్రభుత్వం పెట్టిన పేరు "ప్రత్యేక కాలం". ఆర్థిక వ్యవస్థ మూడో వంతు కుంగింది. బస్సులు నడవక చైనా నుంచి సైకిళ్లు తెప్పించారు. సరైన తిండి లేక సుమారు 50 వేల మందికి చూపో నరాలో దెబ్బతిన్నాయి. మన కమ్యూనిస్టులు దేశమంతా చందాలు పోగుచేసి 1992లో 10 వేల టన్నుల గోధుమలు ఓడలో పంపారు. డబ్బా పట్టుకుని నేనూ మా బస్టాండులో తిరిగాను. ఆ వేడిలోనే ఒక వ్యాసం రాశాను. అచ్చయ్యాక ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆవిడ అంతా విని, "ఇంతకీ వాళ్లు పొద్దున్నే ఏం తింటున్నారండీ?" అని అడిగింది. నాకు తెలియదు. ఆరు పేజీల్లో సామ్రాజ్యవాదం పదిహేడు చోట్ల ఉంది, పొద్దుటి తిండి ఒక్కచోటా లేదు. ఆ రోజుల్లో గ్లాసుడు చక్కెర నీళ్లు తాగి పనికి పోయినవారు ఎందరో ఉన్నారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ వ్యాసం ఇప్పటికీ ఎవరైనా మెచ్చుకుంటే నాకు చెమటలు పడతాయి.

నీ కథలో ఇంకో లోటు, ఎవరూ నవ్వరు. క్యూబావారి మాటలో వేళాకోళం పాళ్లు ఎక్కువ. కరెంటు కోతను "అపగోన్" అంటారు. ప్రత్యేక కాలంలో కోతే మామూలైపోయి, కరెంటు వచ్చే ఆ కాసేపటికి ప్రత్యేకంగా పేరు కావలసి వచ్చి "అలుంబ్రోన్" అని పుట్టించారు, వెలుగు పడడం అని. 1980లో మరియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది పడవలెక్కి అమెరికా పోయినప్పుడు, వెళ్లేవారి గుమ్మాల ముందు జనాన్ని పోగుచేసి గుడ్లతో కొట్టించారు. పురుగులు, ద్రోహులు అని అరిపించారు. కొన్నేళ్లకు అదే మనుషులు సూట్‌కేసులతో చుట్టపుచూపుగా వచ్చారు. ద్రోహులను స్పానిష్‌లో "త్రాయిదోరెస్" అంటారు. "త్రాఎ దోలరెస్" అంటే డాలర్లు తెస్తాడు. ఊరు ఊరంతా ఈ రెండు మాటలను కలిపి నవ్వుకుంది. మార్తా కొడుకు వెళ్లింది ఆ ఏడాదే అని రాశావు కదా, ఆ రోజు గుడ్డు విసిరిన పక్కింటామె ఏమైంది? ఇప్పుడు అతను పంపిన బీపీ మాత్రల్లో నాలుగు అడగడానికి ఆమె రాదా? మార్తా ఇవ్వదా?

అలాగే మార్తా 1941లో పుట్టింది. 1961లో ఆమెకు ఇరవై. అది బే ఆఫ్ పిగ్స్ దగ్గర అమెరికా పంపిన దండును తిప్పికొట్టిన ఏడాది. దాదాపు లక్ష మంది కుర్రకారు పల్లెలకు పోయి సుమారు 7 లక్షల మందికి చదవడం, రాయడం నేర్పిన ఏడాది కూడా. ఒక్కొక్కరికి ఊయల పడక, పుస్తకాలు, ఒక లాంతరు ఇచ్చి పంపారు. మార్తా ఆ పిల్లల్లో ఒకరైతే? 2024 అక్టోబరులో దేశమంతా ఒక్కసారిగా చీకటైనప్పుడు అటక మీది ఆ లాంతరు దించితే? ఆమె జీవితంలో ఆమె గర్వపడే ఒక్క ఏడాదినీ, ఆమె కొడుకును దూరం చేసిన ఏడాదినీ ఇచ్చింది ఒకే ప్రభుత్వం. ఇది ఆమె ఎలా మోస్తోందో నువ్వు కనిపెట్టాలి, నేను చెప్పలేను.

పాత కార్లు, చుట్టలు, గోడల మీద చే గువేరా, ఈ మూడూ తీసెయ్. కారు ఉండి తీరాలంటావా, బానెట్ ఎత్తు. 1950ల నాటి షెవర్లే లోపల ఏ డీజిల్ ఇంజనో, ఏ రష్యా కారు నుంచి ఊడదీసిన సామానో కనిపిస్తుంది.

మరొకటి. మీ టాంపాలోని ఈబోర్ సిటీ పేట నీ ఇంటికి ఎంత దూరం? అక్కడి చుట్టల కర్మాగారాల్లో క్యూబా కార్మికులు ఆకు చుడుతుంటే, ఎత్తుపీట మీద ఒక మనిషి కూర్చుని పత్రికలూ నవలలూ చదివి వినిపించేవాడు. జీతం కార్మికులే తలా కొంచెం వేసుకుని ఇచ్చేవారు. హవానాలో 1865లో మొదలైన ఆచారం అది. 1931లో యజమానులు ఆ మనిషిని దింపేశారు, తర్వాత రేడియో పెట్టారు. క్యూబా స్వాతంత్ర్య నాయకుడు హోసే మార్తీ 1891లో అక్కడికే వచ్చి ప్రసంగించి, ఆ కార్మికుల చందాలతో స్వాతంత్ర్య యుద్ధానికి సన్నాహం చేశాడు. అక్కడ అతని తెల్ల విగ్రహం ఉన్న చిన్న పార్కు స్థలం 1956 నుంచి క్యూబా దేశం పేర ఉంది. అటుపక్క క్యూబా గడ్డ మీది గ్వాంటనామోలో 1903 నుంచి అమెరికా సైనిక స్థావరం. ఏటా క్యూబాకు 4,085 డాలర్ల అద్దె చెక్కు వస్తుంది. విప్లవం వచ్చాక 1959లో ఒక్కసారి మార్చుకున్నారు, ఆ తర్వాత మార్చుకోవడమే లేదు. ఇవి కథలోకి ఎక్కించకు. ఒక శనివారం గేటు తీసి ఉన్నప్పుడు ఆ పార్కులో కాసేపు కూర్చునిరా, చాలు.

అమెరికా దక్షిణపు కొసన ఉన్న కీ వెస్ట్‌కూ క్యూబాకూ మధ్య దూరం 90 మైళ్లు. అంటే ఇంచుమించు విజయవాడ నుంచి రాజమండ్రి. అంత దూరానికి చెయ్యి ఊపితే కనిపించదని మార్తాకు తెలుసు, ఆమెను ఆ గోడ మీద నుంచి దించు. ఈలోగా మీ ఆఫీసు ఆయనను ఒకటి అడిగి నాకు రాయి: తొంభైల్లో వాళ్ల అమ్మ పొద్దున్నే పిల్లలకు ఏం పెట్టేది?

రెండో ప్రతి పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపు. కన్ను ఇంకా కుదురుకోలేదు. మీ నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉంది?

ఇట్లు,
మీ తెలుగు మాస్టారు