పాత రంగు ఎంతవరకు గీకాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం స్టీలు సైకిల్ ఫ్రేము గురించే. కొత్త రంగు వేసే ముందు పాతదాన్ని ఏం చేయాలన్నదే అందరి సందేహం. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా నాన్నగారి నల్ల సైకిల్‌కు (28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు) ఎవరో కంపెనీ రంగు మీదే బ్రష్‌తో ఆకుపచ్చ ఎనామిల్ వేశారు. ఇప్పుడది పెచ్చులుగా లేస్తోంది. అడుగున నలుపు చాలాచోట్ల బాగానే ఉంది. ఇనుము కనబడేదాకా మొత్తం గీకాలా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అక్కర్లేదండీ. నలుపు గట్టిగా ఉన్నచోట గీకితే నష్టమే. ఫ్యాక్టరీ రంగును ఓవెన్‌లో కాల్చి గట్టిపరుస్తారు. దాని అడుగున సాధారణంగా తుప్పును ఆపే ఫాస్ఫేట్ పూత కూడా ఉంటుంది. ఇంట్లో బ్రష్‌తో వేసినా, స్ప్రే డబ్బాతో వేసినా ఏ రంగూ ఇనుమును అంత గట్టిగా పట్టుకోదు. కాబట్టి మీరు తీయాల్సింది రెండే: ఆకుపచ్చ మొత్తం, తుప్పు దూరిన చోట నలుపు.

నలుపు నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కొత్త బ్లేడుతో 2 మి.మీ. ఎడంగా నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు గీతలు ఇనుము తగిలేలా గీయండి. వాటిమీద సెల్లోటేప్ గట్టిగా రుద్ది, ఒక్క గుంజు గుంజండి. టేపుకు నల్ల గళ్లు అంటుకుని రాకపోతే ఆ రంగును ఉంచేయొచ్చు. పై గొట్టం మీద ఒకచోట, చైను పక్క గొట్టం మీద ఒకచోట, పెడల్ ఇరుసు దగ్గర ఒకచోట చూడండి. ముందు పాడయ్యేది ఆ మూడో చోటే, ఎందుకంటే నీళ్లూ బురదా చేరేది అక్కడికే.

సామాన్లన్నీ విప్పాకే పని మొదలుపెట్టండి. పెడల్ కడ్డీని (క్రాంక్) ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను తీసేటప్పుడు నట్టును పూర్తిగా తీసేసి కొడితే పిన్ను కొస నలిగి మర చెడుతుంది. నట్టు పైఅంచు పిన్ను కొసతో సమానంగా వచ్చేదాకా విప్పి ఆపండి. క్రాంక్ కింద గట్టి దిమ్మె ఆనించి ఒకటి రెండు బలమైన దెబ్బలు వేయండి. చాలా చిన్న దెబ్బలు వేసేకొద్దీ పిన్ను వంగిపోతుంది. ఇక పెడల్ ఇరుసు గోళీలు తిరిగే కప్పులు: ఎడమవైపు కప్పు తేలిగ్గానే వస్తుంది. చైను వైపు కప్పుకు చాలా సైకిళ్లలో ఎడమ మర ఉంటుంది, అంటే మామూలు బోల్టు బిగించే దిశలో తిప్పితేనే ఊడుతుంది. అది బాగుంటే కదిలించకండి, టేపు చుట్టి వదిలేయండి. ఫోర్క్ లాగేముందు కింద పాత గుడ్డ పరవండి, హెడ్ కప్పుల్లోని (హ్యాండిల్ తిరిగే చోట ఉండేవి) గోళీలు జలజలా రాలిపోతాయి.

ఇక రంగు. ఫ్రేముకూ ఫోర్కుకూ కలిపి అర లీటరు పెయింట్ రిమూవర్ (పాత రంగును మెత్తబరిచి లేపే మందు) చాలు. దాన్ని రంగు వేసినట్టు పలచగా ముందుకూ వెనక్కూ రుద్దకూడదు. దట్టంగా అద్దుతూ, బ్రష్‌ను ఒకే దిశలో లాగండి. అందులోని మైనం పైకి తేలి పొరకట్టి, మందు ఆవిరైపోకుండా ఆపుతుంది. మళ్లీ మళ్లీ కెలికితే ఆ పొర తెగిపోతుంది. గాలికి ఆరిన ఆకుపచ్చ కొన్ని నిమిషాల్లోనే ముడతలు పడుతుంది, ఓవెన్‌లో కాలిన నలుపు అంత తొందరగా లొంగదు. మీకు పనికొచ్చేది ఆ తేడాయే: ఆకుపచ్చ లేవగానే ప్లాస్టిక్ గీకుడు చెక్కతో తీసేసి తుడిచేయండి. నలుపు కూడా పోవాల్సిన చోట మాత్రం మందు మళ్లీ పట్టించి, పైన పాలిథిన్ కవరు కప్పి 15–20 నిమిషాలు ఆగండి. గొట్టాలు కలిసే లగ్గుల మూలల్లో గీకుడు చెక్క పట్టదు. అక్కడ జనపనార తాడును గొట్టం చుట్టూ ఒక చుట్టు వేసి అటూ ఇటూ లాగితే మెత్తబడిన రంగంతా వచ్చేస్తుంది. మిగిలినదానికి ఇత్తడి తీగల బ్రష్ వాడండి.

నలుపు ఉన్న భాగానికీ ఇనుము బయటపడిన భాగానికీ మధ్య అంచును 120 నంబరు, తర్వాత 180, చివరికి 320 వాటర్ పేపర్‌తో వేలికి తగలనంత నున్నగా దిద్దాలి. ఉంచిన నలుపును కూడా 320తో మెరుపు పోయేలా రుద్దాలి, మెరుపు మీద కొత్త రంగు పట్టదు. ఈ రుద్దుడంతా తడితోనే చేయండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందటి ఎనామిళ్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి, ఇంట్లో పాకే పిల్లల చేతుల్లోకి వెళ్తుంది. గీకిన పెచ్చుల్ని పాత పేపర్లో మూటగట్టి పారేయండి, పెరట్లో మొక్కల దగ్గర కడగొద్దు.

ఇంకో మాట. ఫ్రేము నంబరు పెడల్ ఇరుసు గొట్టం కిందో, సీటు లగ్గు మీదో గుద్ది ఉంటుంది. దాన్ని గరుకు కాగితంతో అరగదీయకండి, లప్పంతో పూడ్చకండి. దొంగతనం జరిగితే ఆ నంబరే సాక్ష్యం.

ప్రశ్న: డిసెంబరులో బాగా పనిచేసిన రిమూవర్, అదే డబ్బా, మే నెలలో రాసిన వెంటనే ఆరిపోతోంది. రంగు మెత్తబడటం లేదు. మందు పాడైందా?
— ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: మందు పాడవలేదు, ఎండ ఎక్కువైంది. డబ్బా మీద మెథిలీన్ క్లోరైడ్ అని ఉందేమో చూడండి. ఆ ద్రవం 40 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న ఇనుప గొట్టం అంతకన్నా వేడిగా ఉంటుంది, కాబట్టి మందు రంగులోకి దిగేలోపే గాల్లో కలిసిపోతుంది. తెల్లవారుజామున, ఫ్రేము చల్లగా ఉన్నప్పుడు, నీడలో పని చేయండి. రాసిన వెంటనే పాలిథిన్ కప్పండి. వేసవిలో డబ్బా లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది. మూతమీద గుడ్డ కప్పి, మెల్లగా కొద్దికొద్దిగా తిప్పుతూ తీయండి.

ఈ మందుతో జాగ్రత్త చాలా అవసరం. మూసిన గదిలో దీని ఆవిరి పీల్చి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. అందుకే అమెరికాలో 2019లో మామూలు కొనుగోలుదారులకు దీని అమ్మకాన్ని నిషేధించారు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఏ రక్షణా ఉండదు. ఆరుబయట, గాలి మీ వెనకనుంచి వచ్చేలా నిలబడటమే దారి. నీలిరంగు నైట్రైల్ తొడుగుల్లోంచి ఇది కొన్ని నిమిషాల్లోనే లోపలికి దిగుతుంది, కాబట్టి రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేసుకుని, మందు పడగానే పైదాన్ని మార్చండి. దగ్గర్లో బీడీ, సిగరెట్, పొయ్యి, హీట్ గన్ ఏవీ ఉండకూడదు. దీని ఆవిరి నిప్పు తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ప్రశ్న: రిమూవర్ బదులు బాత్రూం యాసిడ్ గానీ కాస్టిక్ సోడా గానీ వాడొచ్చా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: యాసిడ్ వద్దేవద్దు. అది రంగును తీయదు, తుప్పునూ మంచి ఇనుమునూ కలిపి తింటుంది. గొట్టాల్లోని చిన్న రంధ్రాల గుండా లోపలికి దిగితే కడిగినా పూర్తిగా పోదు. మిగిలిన క్లోరైడ్ లోపలినుంచి తుప్పు పట్టిస్తూనే ఉంటుంది. తుప్పు కోసమైతే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ కొనండి.

బ్రష్‌తో వేసిన నూనె ఎనామిల్‌కు కాస్టిక్ సోడా బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు చన్నీళ్లు పోసి, 100 గ్రాముల సోడాను కొద్దికొద్దిగా వేస్తూ కర్రతో కలపండి. సోడా మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా మరిగి ముఖం మీద చిమ్ముతుంది. కళ్లద్దాలు, మోచేతిదాకా వచ్చే రబ్బరు తొడుగులు తప్పనిసరి. నీళ్లలో కలిపిన కార్న్ ఫ్లోర్ దీనికి చేరిస్తే గంజిలా చిక్కబడి గొట్టం మీద నిలుస్తుంది. అల్యూమినియం సామాను ఏదీ దీనికి తగలకూడదు, కరిగిపోతుంది. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కరిగించే పూత) మీద ఇది పెద్దగా పనిచేయదు.

కడిగాక నీళ్లలో పదోవంతు వెనిగర్ కలిపి తుడిచి, మళ్లీ మంచినీళ్లతో కడగండి. క్షారం మిగిలిపోతే కొత్త ఎనామిల్‌ను అడుగునుంచి సబ్బులా మార్చేస్తుంది. మీది సముద్రతీరం కాబట్టి బయటపడ్డ ఇనుము గంటల్లోనే ఎర్రబడుతుంది. పొద్దున కడిగి, ఫ్రేమును తిప్పి గొట్టాల్లో నీళ్లు వంపేసి, ఎండలో ఆరబెట్టండి. థిన్నర్ గుడ్డతో తుడిచి, సాయంత్రంలోగా ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేసేయండి. మధ్యలో వట్టి చేతులతో పట్టుకోవద్దు, చెమట ఉప్పు చాలు తుప్పు మొదలవ్వడానికి.

ప్రశ్న: ఇనుముదాకా గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, మర్నాడు కార్ల పెయింటర్ చేత స్ప్రే చేయించాను. రంగంతా ముడతలు పడింది. ఇంకోచోట రేకులా ఊడివచ్చింది. ఎందుకు?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇవి రెండూ వేర్వేరు తప్పులు. కార్ల రంగుల్లోని థిన్నర్ ఘాటైనది. అది పూర్తిగా గట్టిపడని రెడ్ ఆక్సైడ్‌ను ఉబ్బించి లేపుతుంది, ముడతలు అందుకే. రెడ్ ఆక్సైడ్ మీద సింథటిక్ ఎనామిల్ వేయాలి, కార్ల రంగే కావాలంటే అడుగున రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. ఇప్పుడు ముడతలు పడ్డ చోట ప్రైమర్‌తో సహా తీయక తప్పదు.

రేకులా ఊడిన చోట రిమూవర్ మైనం గానీ గ్రీజు గానీ మిగిలి ఉంటుంది. ప్రైమర్‌కు ముందు గొట్టం మీద నీళ్లు పోసి చూడాల్సింది. నీరు పలుచటి పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, చుక్కలుగా విడిపోతే మళ్లీ సబ్బునీళ్లతో కడిగి థిన్నర్‌తో తుడవాలి. గ్రైండర్‌కు తీగల కప్పు బ్రష్ పెట్టి గీకినా ఇలాగే అవుతుంది. ఇనుము అద్దంలా నునుపెక్కి ప్రైమర్‌కు పట్టు దొరకదు. దాని తర్వాత 120 కాగితంతో ఒకసారి గరుకు చేసుకోవాలి.

ప్రశ్న: పౌడర్ కోటింగ్‌కు ఇస్తే శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక లాంటి రవ్వను కొట్టి పాత రంగు తీయడం) వాళ్లే చేస్తామన్నారు. ఫ్రేముకు ప్రమాదమా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మన నల్ల సైకిళ్ల గొట్టాలు మందమైనవి, ఏమీ కాదు. రెనాల్డ్స్ 531 లాంటి పలుచని స్టీలు గొట్టాల తేలిక ఫ్రేమైతే గొట్టం మధ్యలో 0.5–0.6 మి.మీ. మందమే ఉంటుంది. దానికి సన్నని గ్రిట్ (కొట్టే రవ్వ), తక్కువ ఒత్తిడి అడగండి. ఏ ఫ్రేమైనా ఇచ్చేముందు పాత కప్పులు బిగించి గానీ, రబ్బరు బిరడాలు కొట్టి గానీ పెడల్ ఇరుసు గొట్టం, హెడ్ గొట్టం, సీటు గొట్టం నోళ్లు మూయండి. ఫోర్క్ పైకొస మరకు టేపు దట్టంగా చుట్టండి. బ్లాస్టింగ్ అయ్యాక ఫ్రేమును తలకిందులు చేసి తట్టి లోపలి ఇసుక దులపండి. అది గోళీల్లోకి చేరితే కప్పులు త్వరగా అరిగిపోతాయి. టేపునూ రబ్బరునూ తీసేశాకే ఓవెన్‌కు పంపండి. వేడి 180–200 డిగ్రీలు ఉంటుంది, వేడి తట్టుకునే సిలికాన్ బిరడాలే అక్కడ నిలుస్తాయి. మామూలు లప్పం ఆ వేడికి పగిలిపోతుంది కాబట్టి గుంటలు పూడ్చవద్దని ముందే చెప్పండి.