పిల్లలతో మన సీమలోనే: ఒక చేతిపని, ఒక నడక

మీరు అడిగింది ఇదీ: కర్నూల్లో ఉంటాం, పిల్లలకు తొమ్మిది, పన్నెండేళ్లు. దసరా సెలవుల్లో రెండు మూడు రోజులు కొండో అడవో తిప్పాలి, దాంతోపాటు గిరిజనుల చేతిపనులు, ఇంట్లో తెలుగు కాకుండా వేరే మాట మాట్లాడే వాళ్ల కళలు దగ్గర కూర్చోబెట్టి చూపించాలి, దానికి అరకు దాకా పోవాల్సిందేనా అని.

అవసరం లేదండీ. మాది అనంతపురం. నాలుగేళ్లుగా సెలవులొస్తే మేం చేస్తున్న పనే ఇది, అదీ మన పాత నాలుగు జిల్లాలు దాటకుండా. మాకు పాప పదకొండేళ్లది, బాబు ఎనిమిదేళ్లవాడు. మా అత్తమ్మ కూడా వస్తారు, ఆవిడ మోకాళ్లను బట్టే నడక ఎంతన్నది తేలుతుంది.

ముందుగా ఒక మాట. ఒక ప్రయాణానికి ఒక చేతిపని, ఒక నడక చాలు. అంతకుమించి పెట్టుకోవద్దు. మొదటిసారి మేం పొద్దున తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట, మధ్యాహ్నం లేపాక్షి, సాయంత్రం పెనుకొండ అనుకుని బయల్దేరాం. నిమ్మలకుంటలో ఇరవై నిమిషాలు నిలబడి, రెండు బొమ్మలు బేరమాడి కొని కారెక్కేశాం. దారిలో పాప అడిగింది, "అమ్మా, ఆ తాత గీకుతున్నది దేని తోలు?" అని. నాకు తెలీదు. అడగనే లేదు. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. మరుసటి ఏడాది ఆ ఒక్క ఊరికోసమే మళ్లీ వెళ్లాం.

నిమ్మలకుంట ధర్మవరం దగ్గర. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా అనంతపురమే. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వాళ్ల పూర్వీకులు మరాఠీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో ఇప్పటికీ మరాఠీ కలిసిన మాటే, తెర వెనక కూర్చుంటే మాత్రం రామాయణం తెలుగులో. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆడే ఆటలు తగ్గిపోయి ఇప్పుడు దీపాల మీద వేసే తోలు గూళ్లు, గోడకు తగిలించే బొమ్మలే ఎక్కువ చేస్తున్నారు. అయినా అడిగితే తెర కడతారు.

రెండోసారి ముందే ఫోన్ చేసి, "పిల్లలు కూర్చుని నేర్చుకుంటారు, సగం రోజు మీ దగ్గరే ఉంటాం, మీ పని చెడినందుకు ఇంత ఇస్తాం" అని మాట్లాడుకుని వెళ్లాం. అది మేకతోలట. నానబెట్టి, బొచ్చు గీకి, లాగి ఆరబెడితే వెలుతురు దూరేంత పల్చనవుతుంది. దాని కింద బొమ్మ గీసిన కాగితం పెట్టి సూదిమొనతో గీతలు దించుకుంటారు. తర్వాత చెక్క మీద పరిచి చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. నేను అంతకుముందు గమనించనిది ఏంటంటే, సీతమ్మ ఒంటి మీద నగలన్నీ చిల్లులే. హారం, వడ్డాణం, చెవి కమ్మలు, దేనికీ రంగు లేదు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుతురే బంగారం.

మా బాబుకు అరచేతంత చిలక బొమ్మ ఇచ్చారు. వాడు మొదటి దెబ్బే దబ్బున కొట్టాడు. తాత వాడి మణికట్టు పట్టుకుని, "అట్ల గాదు నాయనా. ఒక్కటే దెబ్బ, నిదానంగా. రెండో దెబ్బ కొడితే చిల్లు చినిగిపోతుంది" అన్నారు. ఇంట్లో అన్నం ముందు కూడా పది నిమిషాలు కుదురుగా ఉండని పిల్లవాడు రెండు గంటలు తల ఎత్తలేదు. చిలక రెక్క మీద నలభై పైచిలుకు చిల్లులు, అందులో మూడు చినిగాయి. ఆ మూడూ ఎక్కడున్నాయో వాడికి ఇప్పటికీ తెలుసు.

సాయంత్రం తెల్లపంచె కట్టి వెనక బల్బు పెట్టారు. బొమ్మను పంచెకు ఆనిస్తే రంగులు కళ్లకు కొట్టినట్టు కనిపిస్తాయి, జానెడు వెనక్కి లాగితే మసకబారి పోతాయి. పాత్ర రావడం, పోవడం అంతా ఆ జానెడులోనే. ఆటలో నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క తిట్టుకుంటుంటే మా అత్తమ్మ చిన్నపిల్లలా నవ్వారు. తన ఊళ్లో చిన్నప్పుడు తెల్లవార్లూ చూసిన ఆట మళ్లీ చూస్తాననుకోలేదన్నారు.

ఆ రాత్రి ధర్మవరంలో పడుకుని మర్నాడు తెల్లారకముందే పెనుకొండ కొండ ఎక్కాం. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది అక్కడికే. రాళ్ల మెట్లు, ముళ్లపొదలు, మధ్యలో కూలిన బురుజులు. ఆరింటికి మొదలుపెడితే ఎండెక్కే లోపల దిగిపోవచ్చు. అత్తమ్మ కింద ఊళ్లోనే గుళ్లు చూస్తూ కూర్చున్నారు.

ఇక మీకు దగ్గరది నల్లమల. కర్నూలు నుంచి ఆత్మకూరు, అక్కణ్ణుంచి దోర్నాల రోడ్డులో బైర్లూటి. అటవీశాఖ వాళ్ల క్యాంపు ఉంది, గదులు, గుడారాలు ఉంటాయి, జీపు సఫారీ ఉంటుంది. దారి చూపేదీ, జాడలు చెప్పేదీ అక్కడి గిరిజనులు చెంచులే. అది పులుల అభయారణ్యం కాబట్టి మనంతట మనం లోపలికి పోకూడదు, వాళ్లు తీసుకెళ్లిన చోటికే పోవాలి. వానాకాలంలో సఫారీ ఆపేస్తారు, మీ దసరాకు తెరిచారో లేదో ముందే కనుక్కోండి.

మాతో వచ్చిన చెంచు అన్న ఎక్కువ మాట్లాడడు. ఒకచోట ఆగి, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు చూపించాడు. ఇంకో చోట తవ్వేసిన పుట్ట చూపించి "ఎలుగు" అని ఊరుకున్నాడు. మా పాపే అడిగి అడిగి మాట్లాడించింది. తేనె ఎట్లా తీస్తారని అడిగితే అప్పుడు గొంతు విప్పాడు. కొండ చరియల్లో పెద్ద తేనెపట్లు ఉంటాయి. పైనుంచి తాడు వేసుకుని గాల్లో వేలాడుతూ, పొగబెట్టి ఈగలను లేపి కోస్తారు. "మరి పైన తాడు ఎవరు పట్టుకుంటారన్నా?" అంది పాప. "బామ్మర్ది. వేరే ఎవరికీ ఇయ్యం. వాళ్ల అక్క బతుకు ఆ తాడు మీదనే ఉంటది గదా" అన్నాడు. మా ఆయన పక్కనే ఉన్న మా తమ్ముణ్ణి ఒక చూపు చూశారు.

మధ్యాహ్నం గూడెం దగ్గర ఒక అక్క మోదుగాకులతో విస్తరి కుట్టడం నేర్పింది. పుల్లను గోరుతో సన్నగా చీల్చి, రెండాకుల అంచులు ఒకదాని మీద ఒకటి పెట్టి, గుచ్చి పైకి తీసి విరిచేయాలి. చూస్తే ఏముంది అనిపిస్తుంది. నేను గుచ్చితే ఆకు ఈనె వెంబడి నిలువునా చిరిగింది. "ఈనెకు అడ్డం గుచ్చు అక్కా" అంది. పాప నాలుగో ప్రయత్నానికి ఒకటి నిలబెట్టింది, దాంట్లోనే అన్నం తిన్నది, పప్పు కారినా వదల్లేదు. వెదురు బుట్ట కూడా చూపించారు గానీ అది మన పిల్లల చేతికి రాదు, వెదురు బద్ద అంచు కత్తిలా ఉంటుంది. ఊరికే చూడనివ్వండి.

శివరాత్రికి భక్తులు నడిచే పాత దారి కూడా ఇటునుంచే. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం. పిల్లలతో మొత్తం నడవాలనుకోకండి. నాగలూటి వీరభద్రుడి గుడి దాకా, అదీ అటవీశాఖ వాళ్లు సరేనంటే, చాలు.

మూడోది గుత్తి. దీని గురించి తక్కువే రాస్తాను, ఎందుకంటే మేం అక్కడ ఒక తప్పు చేశాం. గుత్తి దగ్గర సేవాగఢ్ లంబాడీల పుణ్యక్షేత్రం, సేవాలాల్ మహారాజ్ పుట్టిన చోటు. ఏటా ఫిబ్రవరి 15న జయంతికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మేం మామూలు రోజున వెళ్లి, తెలిసినవాళ్ల ద్వారా ఒక తండాకు పోయాం. అద్దాల పైట, గవ్వలు కుట్టిన రవిక వేసుకుని ఒక ముసలమ్మ గడపలో కూర్చుని ఉంది. నేను అడక్కుండానే ఫోన్ ఎత్తి ఫొటో తీశాను. ఆవిడ పైట ముఖానికి అడ్డం లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. మా పిల్లలు నన్నే చూస్తున్నారు. లోపలికి వెళ్లి "తప్పయింది అవ్వా" అని ఫొటో ఆవిడ ఎదుటే తీసేశాను. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపయ్యాక తనే పాపను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

అద్దం కుట్టడం అప్పుడు చూశాను. అద్దానికి చిల్లు ఉండదు, జిగురూ పెట్టరు. ముందు దారాన్ని అద్దం మీదుగా అడ్డం నిలువు లాగి బిగిస్తారు. ఆ దారాలను పట్టుకుని చుట్టూ కుట్టుకుంటూ వస్తే అవి అంచుకు జరిగిపోయి అద్దం గూట్లో కూర్చున్నట్టు నిలుస్తుంది. పాప ఆ రోజు ఒకే ఒక్క అద్దం కుట్టింది. తన స్కూలు సంచికి ఉంది ఇప్పుడు.

గుత్తి కోట ఎక్కేటప్పుడు కోటకూ లంబాడీలకూ ఉన్న సంబంధం పిల్లలకు చెప్పండి. లారీలూ రైళ్లూ లేని కాలంలో దక్కన్‌లో సైన్యాలకు ధాన్యం, ఉప్పు మోసింది లంబాడీల ఎద్దుల బిడారులే. పైన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే గద్దె దగ్గర నిలబడి కింద మైదానం చూస్తే, ఆ ఎద్దుల వరస ఎట్లా వచ్చేదో మా బాబు వేలితో గీసి చూపించాడు. అక్కడ అంచుకు పిట్టగోడ లేదు, చెయ్యి వదలకండి. రెండో రోజు ఉంటే తాడిపత్రి మీదుగా బెలుం గుహలకు పోవచ్చు. 3229 మీటర్ల గుహ, చూడనిచ్చేది అందులో కొంత భాగమే. లోపల ఉక్కపోత, ఇరుకు సందులు. ఊపిరి ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లను బయటే ఉంచండి.

గండికోట ఎందుకు చెప్పలేదంటే, నడకకు అంతకన్నా మంచి చోటు లేదు గానీ చేతిపని కూర్చుని నేర్చుకునే వీలు నాకు అక్కడ దొరకలేదు. పైగా మేం ఒకసారి ఏప్రిల్ చివర్లో పోయి, బాబుకు వడదెబ్బ తగిలి, జమ్మలమడుగులో రెండు సెలైన్ సీసాలు ఎక్కించాల్సి వచ్చింది. మార్చి దాటాక సీమలో పిల్లలతో కొండలెక్కొద్దు.

డబ్బుల విషయం మొహమాటం లేకుండా ముందే మాట్లాడండి. నేర్పినందుకు వేరే, వస్తువుకు వేరే ఇవ్వండి. మేం నిమ్మలకుంటలో పిల్లకు మూడు వందల లెక్కన ఇచ్చాం, బొమ్మలకు బేరం ఆడలేదు. చిన్న బొమ్మకే వాళ్ల రోజులు రోజులు పోతాయి. గూడెంలో పిల్లలకు చాక్లెట్లు పంచకండి, చిల్లర ఇవ్వకండి. తేనె కొనండి, విస్తర్ల కట్ట కొనండి, అది వాళ్ల సంపాదన.

మీ చిన్నవాడికి తొమ్మిదేళ్లన్నారు, మీరుండేది కర్నూలు. ఈ దసరాకు బైర్లూటి పెట్టుకోండి, రెండు రాత్రులు. సెలవుల్లో గదులు త్వరగా అయిపోతాయి, ఈ వారంలోనే చూసుకోండి. ఆత్మకూరు దాటితే సిగ్నల్ సరిగా ఉండదు, మందులు, నీళ్లు అక్కడే కొనుక్కుని పెట్టుకోండి. నిమ్మలకుంట సంక్రాంతికి ఉంచుకోండి. వచ్చేటప్పుడు ఇక్కడ ఒక మాట రాస్తే ఏ ఇంట్లో తెర కడతారో కనుక్కుని చెప్తాను.