ఆరు షిల్లింగుల సంగతి ఎందుకు రాయలేదు తల్లీ

అమ్మా,

నీ మెయిల్ వచ్చి మూడు వారాలైంది. ఇంగ్లండ్‌లో నువ్వు చదువుకునే హడర్స్‌ఫీల్డ్ ఊళ్లోని పాత జార్జ్ హోటల్ మీద నువ్వు రాసిన పదకొండు పేజీల పీడీఎఫ్ ఫోన్లో చదవడం నావల్ల కాదు, మనవడితో ప్రింట్ తీయించుకుని రెండుసార్లు చదివా. మొదటిసారి నాలుగో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పడేశా, నిజమే చెప్తున్నా. రెండోసారి తొమ్మిదో పేజీ దాకా వెళ్లా, ఆ రాత్రి ఇంక నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం ఆ తొమ్మిదో పేజీ వల్లే రాస్తున్నా, కానీ ముందు కోపం సంగతి చెప్పేస్తా, అది లోపల పెట్టుకుంటే మిగతాది సరిగ్గా రాదు.

నీ మొదటి వాక్యం, "కాలగర్భంలో కోటి జ్ఞాపకాలు దాచుకుని ఠీవిగా నిలబడ్డ ఆ రాతి భవనం". ఇందులో హడర్స్‌ఫీల్డ్ జార్జ్ హోటల్ ఎక్కడుంది? చంద్రగిరి కోట మీద పెట్టు, సరిపోతుంది. గుత్తి కోట మీద పెట్టు, సరిపోతుంది. అట్లాంటి వాక్యం రాయడానికి అంత దూరం పోయి ఆ చలిలో చదువుకోవాల్సిన పని లేదు కదా. తర్వాత నాలుగు పేజీలు స్తంభాలే. పక్కనున్న స్టేషన్ ముందు భాగం, దానికి కొరింథియన్ స్తంభాలు, డిజైన్ చేసిన ప్రిచెట్, 1847లో రైళ్లు మొదలవడం, 1850కి బిల్డింగ్ పూర్తవడం, రెండు రైలు కంపెనీలకి చెరో చివర బుకింగ్ ఆఫీసు, ముందు బ్రిటన్ మాజీ ప్రధాని హెరాల్డ్ విల్సన్ విగ్రహం, అన్నీ ఉన్నాయి, తప్పులు కూడా ఏం లేవు. స్టేషన్లో ఎలుకలు పట్టే ఉద్యోగం చేసిన ఫెలిక్స్ అనే పిల్లికి ఒక పేరా మొత్తం ఇచ్చావు, 2011లో డ్యూటీలో చేరిందని, 2016లో ప్రమోషన్ వచ్చిందని. పిల్లి మీద నాకేం లేదు, బాగానే ఉంది ఆ పేరా. కానీ 1895 ఆగస్టు 29 సాయంత్రం ఆ హోటల్లో జరిగిన మీటింగ్‌కి నువ్విచ్చింది ఒకే ఒక్క లైను. "రగ్బీ లీగ్ అనే క్రీడ ఇక్కడే ఊపిరి పోసుకుంది" అంట. ఎందుకు పోసుకుందమ్మా? ఎవరికి ఎంత డబ్బు పోతుంటే పోసుకుంది? పిల్లి ప్రమోషన్‌కి పేరా, మనుషుల కూలికి లైనా?

నా దగ్గరికి రాతలు పంపేవాళ్లందరికీ నలభై ఏళ్లుగా ఒకటే చెప్తున్నా, చెప్పి చెప్పి చాలామందికి విసుగు కూడా పుట్టించా. డబ్బు లెక్క రాయి. కూలి ఎంత, అద్దె ఎంత, ఎంత పోయింది, ఎవరి జేబులోంచి పోయింది. అది రాశాక స్తంభాలు రాసుకో, ఎన్ని కావాలంటే అన్ని.

నీ హోటల్‌నే తీసుకుందాం. అసలు జార్జ్ ఇన్ అని పాత సత్రం ఒకటి మార్కెట్ ప్లేస్‌లో ఉండేది, స్టేషన్ దాకా కొత్త రోడ్డు వేయాలని దాన్ని పడగొట్టారు, అదే జాన్ విలియం స్ట్రీట్, స్టేషన్ పక్కన ఈ కొత్త జార్జ్ లేచింది. ఇది నువ్వు రాశావు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1850లో, ఫ్యాక్టరీ చట్టం వచ్చింది, అది నువ్వు రాయలేదు. బట్టల మిల్లుల్లో ఆడవాళ్లనీ కుర్రకారునీ శనివారం మధ్యాహ్నం రెండింటి తర్వాత పనిలో ఉంచకూడదని ఆ చట్టం. వాళ్లు లేకపోతే మిల్లు నడవదు, కాబట్టి మగవాళ్లకి కూడా ఆ సగం పూట దొరికింది. ఆ సగం పూట దొరికింది కాబట్టే ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్, లాంకషైర్ మిల్లు ఊళ్లలో, గనుల ఊళ్లలో శనివారం ఆట అనేది పెరిగింది. ఒకవైపు హోటల్ గోడలు లేస్తున్నాయి, ఇంకోవైపు ఆ హోటల్లో జరగబోయే గొడవకి కారణం తయారవుతోంది. ఇంతకంటే పెద్ద కథ ఆ స్తంభాల్లో ఏముంది చెప్పు.

మ్యాచ్ వేరే ఊళ్లో ఉంటే పొద్దున్నే రైలెక్కాలి. పొద్దున్నే రైలెక్కితే ఆ పూట పని పోతుంది, పని పోతే కూలి పోతుంది. దాన్ని వాళ్లు బ్రోకెన్ టైమ్ అన్నారు, విరిగిపోయిన పూట అనుకో. పోయిన కూలి వరకు ఇవ్వండి, అంతకుమించి ఒక్క పెన్నీ అడగం అని ఉత్తరాది రగ్బీ క్లబ్బులు అడిగాయి. 1886లోనే ఆ ఆటని నడిపే సంఘం, రగ్బీ యూనియన్, ఆటగాళ్లు డబ్బు ముట్టుకోకూడదని రూలు పెట్టింది. 1893లో యార్క్‌షైర్ వాళ్లు లండన్‌లో సర్వసభ్య సమావేశానికి వెళ్లి ఈ తీర్మానం పెట్టారు, 282 ఓట్లు వ్యతిరేకం, 136 అనుకూలం, ఓడిపోయింది. ఆట ఆట కోసమే ఆడాలి, డబ్బు కోసం కాదు అనేది పెద్దమనుషుల మాట. శనివారం పొద్దున పని మానేస్తే ఏమీ పోనివాడికి ఆ మాట అనడం తేలిక.

రెండేళ్ల తర్వాత జార్జ్ హోటల్లో కలిశారు. ఈ హోటలే ఎందుకో ఆలోచించావా? రైలు తల్లీ. 1849లో స్టాండెడ్జ్ సొరంగం తెరిచారు, పెన్నైన్ కొండల కింద మూడు మైళ్ల పైనే. దాంతో లీడ్స్ వైపువాళ్లకీ మాంచెస్టర్ వైపువాళ్లకీ నీ ఊరు మధ్యలో పడింది. రైలు దిగి కాస్త దూరం నడిస్తే హోటల్ గుమ్మం. సాయంత్రం మాట్లాడుకుని రాత్రి రైలుకి ఇంటికి పోవచ్చు. అక్కడ కూర్చుని యూనియన్‌లోంచి బయటికొచ్చేశారు, నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నారు, పోయిన పూటకి రోజుకి ఆరు షిల్లింగులు అని ఖరారు చేసుకున్నారు. అప్పట్లో పౌండుకి ఇరవై షిల్లింగులు. మొదటి సీజన్‌కి 22 క్లబ్బులు. ఆరు షిల్లింగుల దగ్గర ఒక ఆట రెండుగా చీలిపోయింది అమ్మా. దానికి రగ్బీ లీగ్ అనే పేరు 1922లో వచ్చింది, పదమూడు మంది ఆడటం 1906లో మొదలైంది, అవన్నీ తర్వాతి సంగతులు, వాటికి నీ ఒక్క లైను చాలు.

ఇంకోటి, అక్కడితో అందరూ సుఖంగా ఉన్నారని కూడా రాయొద్దు. 1898లో జీతం తీసుకుని ఆడొచ్చన్నారు, కానీ ఆటగాడికి బయట నికరమైన పని ఉండాలన్నారు. ఏది నికరం, ఏది కాదు అని లిస్టు కూడా వేశారు. బిలియర్డ్స్ బల్ల దగ్గర పాయింట్లు లెక్కపెట్టేవాడి పని పని కాదంట, మందు అమ్మే చోట సర్వర్ పని పని కాదంట. అది 1905 దాకా నడిచింది. ఇది చదివినప్పుడు నా మనసు ఆ 1895 సాయంత్రం మీదికే పోయింది. అంతమంది పెద్దమనుషులు కూర్చుంటే వాళ్లకి ఎవరో ఒకరు ట్రే పట్టుకుని అందించే ఉంటారు కదా. అతని పూట ఎవరి లెక్కలో ఉంది? నీ పదకొండు పేజీల్లో ఆ హోటల్ మెట్లు కడిగినవాళ్లు, పక్కలు వేసినవాళ్లు, సామాన్లు మోసినవాళ్లు ఒక్కరు కూడా లేరు.

నేను ఎందుకింత పట్టుబడతానో చెప్తా. మా నాయన గుంతకల్లు గూడ్స్ షెడ్లో హమాలీ. వ్యాగన్ వస్తే కూలి, లేకపోతే లేదు. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా వ్యాసరచనలో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది, తండ్రులు రావాలన్నారు స్కూల్‌కి. సరిగ్గా ఆ రోజే సిమెంటు వ్యాగన్లు వచ్చాయి, వారం రోజుల తర్వాత వచ్చిన పని. మా నాయన పనికి పోలేదు, ఉతికిన చొక్కా వేసుకుని స్కూల్‌కి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పోయింది నాలుగు రూపాయలు. ఆ నాలుగు రూపాయల గురించి మా అమ్మ ఒక్క మాట అనలేదు, ఆ వారం ఇంట్లో కందిపప్పు కూడా లేదు.

నేను రాసిన మొదటి కథ అదే. పదిహేడుసార్లు తిరగరాసి ఒక వారపత్రికకి పంపా. తీసుకున్నారు, ఎంత సంతోషమో చెప్పలేను. ప్రింటయ్యాక చూస్తే నాలుగు రూపాయలు లేవు. "తన కష్టాన్ని సైతం లెక్కచేయక వచ్చిన తండ్రి" అని ఉంది. ఎడిటర్ గారిని కలిసి అడిగితే, "కథలో లెక్కలెందుకయ్యా, మనసుని రాయి, అంకెలు రాస్తే చిట్టా పుస్తకం అవుతుంది" అన్నాడు. నేను అప్పటికి ఇరవై రెండేళ్లవాణ్ణి, తలూపి వచ్చేశా. ఇంటికొచ్చి మా నాయనకి కథ చదివి వినిపించా, ఆయనకి చదువు రాదు. అంతా విని కాసేపు ఊరుకుని, "బాగుందిరా, మరి ఆ నాలుగు రూపాయలు యాడ పోయినాయి?" అన్నాడు.

యాభై ఏళ్లు కావస్తోంది. ఆ ఎడిటర్ పోయాడు, మా నాయనా పోయాడు, ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉంది. లెక్కచేయక వచ్చాడని వాళ్లు రాశారు, అదే అబద్ధం. ఆయన పైసా పైసా లెక్కేసుకునే వచ్చాడు, నాలుగు రూపాయలు పోతాయని తెలిసే వచ్చాడు. తెలిసి వదులుకోవడంలోనే కదా ఆయన ప్రేమ ఉంది, ఆ అంకె తీసేస్తే ఇంకేం మిగిలింది?

ఇప్పుడేమో ఇంకో ఫ్యాషన్ వచ్చింది, జ్ఞాపకాల ఫ్యాషన్. పాత బిల్డింగ్ కనిపిస్తే చాలు నిట్టూర్పు, పాత రైలు కనిపిస్తే చాలు నిట్టూర్పు, ఒక ఫోటో, కింద నాలుగు తియ్యటి మాటలు. పత్రికలవాళ్లు కూడా అవే అడుగుతున్నారు, బాగా చదివిస్తాయంట. అందులో ఎవడూ ఆకలితో ఉండడు, ఎవడికీ జీతం కోత పడదు. నువ్వు ఆ దారిలోకి పోతున్నావని భయమేసి ఇంత గట్టిగా రాస్తున్నా.

ఇక తొమ్మిదో పేజీ. కింద, చివరి నాలుగు లైన్లు. "సోమవారం ఎగ్జామ్ ఉందని ఆ శనివారం వేర్‌హౌస్ షిఫ్ట్ వదులుకున్నా. ఆ వారం డబ్బులు సరిపోలేదు. లైబ్రరీ నుంచి వస్తుంటే వాన, హోటల్ చుట్టూ కట్టిన కంచె పక్కన నిలబడి డబ్బాలో ఉన్న పులిహోర తిన్నా." అంతే రాసి, వెంటనే మళ్లీ కిటికీల ఇటాలియన్ స్టైల్ గురించి మొదలుపెట్టావు.

అమ్మా, నువ్వేం రాశావో నీకు తెలుసా? శనివారం. వదులుకున్న షిఫ్ట్. పోయిన కూలి. అదే హోటల్ గోడ. 1895లో లోపల కూర్చుని వాళ్లు మాట్లాడుకున్నది సరిగ్గా అదే, నువ్వు బయట వానలో నిలబడి తిన్నది కూడా దాని గురించే. నువ్వు ఆ రెంటినీ కలపలేదు, బహుశా చూడనే లేదు. వారానికి ఇరవై గంటలకి మించి పని చేయకూడదని మీ స్టూడెంట్ వీసాలకి రూలు ఉంది కదా, టర్మ్ నడుస్తున్నప్పుడు. ఆ ఇరవైలో ఒక షిఫ్ట్ అంటే ఎన్ని గంటలు, గంటకి ఎంత, ఆ వారం రూమ్ అద్దెకి ఎంత తక్కువ పడింది, ఎవరి దగ్గర తీసుకున్నావు, ఇంటికి ఫోన్ చేసి మీ అమ్మకి చెప్పావా చెప్పలేదా, నాకు అవన్నీ కావాలి. సిగ్గుపడాల్సిందేం లేదు ఇందులో. ఆ రగ్బీ ఆడిన మిల్లు, గని కార్మికుల కోసం వాళ్ల క్లబ్బులు సిగ్గుపడకుండా అడిగాయి కాబట్టే ఆ హోటల్ పేరు ఇవాళ నువ్వూ నేనూ మాట్లాడుకుంటున్నాం. వాళ్లని కాదన్న అసలు యూనియన్ ఆట కూడా 1995 ఆగస్టులో ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చని ఒప్పుకుంది, నూరేళ్లు పట్టింది.

కాబట్టి ఆ నాలుగు లైన్లని మొదటి పేజీకి తీసుకురా. వాన, కంచె, పులిహోర, పోయిన డబ్బు అంకెతో సహా. అక్కడినుంచి గోడ లోపలికి పో, 1895కి పో. ఆ తర్వాత పాత ఇన్ పడగొట్టడం, కొత్త రోడ్డు, అన్నీ వాటంతటవే వస్తాయి. 2013 జనవరిలో హోటల్ మూతపడటం, 2020లో స్థానిక కౌన్సిల్ కొనడం, రాడిసన్ రెడ్ పేరుతో మళ్లీ హోటల్ చేసే పని పెట్టుకోవడం ఒక పేరాలో చెప్పేయ్, కానీ మూతపడిన రోజు పని పోయినవాళ్లు ఎవరైనా ఊళ్లో ఉంటే వెతికి మాట్లాడు. ఏ పబ్బులోనో ఏ చర్చి దగ్గరో దొరుకుతారు. పేర్లు వేయకపోయినా పర్లేదు, మాట దొరికితే చాలు. ఆ ఊరి భూస్వాములు రామ్స్‌డెన్ కుటుంబం దగ్గరున్న ఎస్టేట్ మొత్తాన్ని 1920లో ఆ ఊరే కొనుక్కుందని రాసిన పేరా ఉంచు, అది బాగుంది, అందులో డబ్బు ఉంది కాబట్టి.

నవలగా పెంచొచ్చా అని అడిగావు, ఇంగ్లీషులో కూడా రాయాలా అని అడిగావు, ఏ పత్రికకి పంపాలని అడిగావు. ఇవన్నీ ఇప్పుడు వద్దు. పేరు సంగతి కూడా తర్వాత చూద్దాం, "రాతిలో రాగాలు" మాత్రం తీసెయ్.

నీ భాష చక్కగా ఉంది, కర్నూలు మాట వదల్లేదు, సంతోషం. 

ఆ శనివారం వచ్చిన వారపు పే స్లిప్ ఉంటే ఫోటో తీసి పంపు. తిరగరాసింది నెల రోజుల్లో పంపితే చాలు, ఎగ్జామ్స్ ముందు చూసుకో. చలికి జాగ్రత్త.

ఆశీస్సులతో
మీ మాస్టారు