పాత ఎయిర్ గన్ బారెల్ వంచేటప్పుడు గరగరలాడుతోంది, స్ప్రింగ్ మార్చాలా?

కావలి దగ్గర నుంచి ఒకరు, తాతగారి కాలం నాటి ఎయిర్ రైఫిల్ బారెల్ వంచుతుంటే గరగరమని మధ్యలో పట్టేస్తోందని అడిగారు. స్ప్రింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ముందు కాకింగ్ లింకు చూడండి. బారెల్ కింద ఉండే ఆ ఇనుప చేయి సిలిండర్ గాడిలో జారుతూ పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది. పాత తుపాకుల్లో గరగర చాలావరకు అక్కడిదే. గ్రీజు ఎండిపోతుంది, మన సముద్రపు గాలికి తుప్పు పడుతుంది, గాడి అంచులు గరుకెక్కుతాయి. గుండు లేదని, స్ప్రింగ్ ఎక్కించి లేదని చూసుకుని కర్ర బట్ విప్పండి. లింకు మీద మెరిసే గీతలు ఎక్కడుంటే రాపిడి అక్కడే.

సన్నటి ఎమెరీ పేపరుతో ఆ గరుకు వరకే తీయండి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక, మాలిబ్డినం గ్రీజు పల్చగా పూయండి. బారెల్ మడతపడే బోల్టుకీ అంతే. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిగురెక్కి దుమ్ము పడుతుంది. పిస్టన్ ముందున్న గాలి గదిలోకి గ్రీజు పోకూడదు, పేల్చినప్పుడు ఆ వేడికి లోపలే మండుతుంది.

బారెల్ వంచి ఉండగా ట్రిగర్ తగిలితే బారెల్ విసురుగా లేచి వేళ్లు విరగ్గొడుతుంది, దయచేసి జాగ్రత్త.

ఇంత చేసినా కుదుపులు కుదుపులుగా వస్తుంటే అప్పుడు స్ప్రింగ్ వంగిందనో విరిగిందనో అనుమానించాలి. అది లోపల నొక్కుకునే ఉంటుంది కాబట్టి స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే సాధనం) లేకుండా వెనక బ్లాకు విప్పొద్దు. నెల్లూరులోనో ఒంగోలులోనో ఎయిర్ గన్ పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.