గుమస్తాను మార్చవద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ టీవీ స్కిట్‌ను సినిమాగా పెంచి కావలి నుంచి పంపిన స్క్రిప్టు అందింది. ఒంగోలు బస్టాండు విచారణ కౌంటర్లో కూర్చుని, అడిగిన ఊరికి తప్ప మిగతా అన్ని ఊళ్ళకూ బస్సు వేళలు చెప్పే నీ గుమస్తా టీవీ స్కిట్‌లో ఆరు నిమిషాలూ నన్ను కడుపుబ్బ నవ్వించినవాడే. అదే మనిషి సినిమాలో ఇంటర్వెల్ దాటగానే ప్రేమలో పడి, తన తప్పు తెలుసుకుని, సరైన వేళలు చెప్పసాగాడు. అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టేశాను.

స్కిట్ పాత్ర మారితే అది ఆ పాత్రే కాదు. మరి రెండు గంటల కథ దేనిమీద నడవాలి అంటావా, 1990లో బ్రిటిష్ టీవీలో మొదలైన మిస్టర్ బీన్‌ను 1997లో వెండితెరకు ఎలా తెచ్చారో చూడు. లండన్ నేషనల్ గ్యాలరీలో కాపలా కాసే బీన్‌ను మహా కళాపండితుడనుకుని లాస్ ఏంజెలెస్‌లో ఒకాయన తన ఇంట్లో దించుకుంటాడు. విస్లర్ తన తల్లిని గీసిన చిత్రం మీద బీన్ తుమ్ముతాడు. తుడిచిన రుమాలుకు సిరా అంటి ఉంటుంది. ఆ సిరా మరక వదిలించబోతే బొమ్మ ముఖమే కరిగిపోతుంది. ప్రతి తప్పూ ముందరి తప్పును సరిదిద్దబోయి చేసిందే కనుక మనం నమ్ముతాం. బీన్‌గా నటించిన రోవాన్ అట్కిన్సన్ ముఖం ఎంత పని చేసిందో, ఆ ఇంటాయన ఊడబోయే ఉద్యోగమూ, పిల్లలను తీసుకుని వెళ్ళిపోయిన ఆయన భార్యా అంత పనీ చేశారు. బీన్ మాత్రం వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగి వచ్చాడు.

సాటర్‌డే నైట్ లైవ్ అనే అమెరికా టీవీ హాస్య కార్యక్రమంలోని స్కిట్ నుంచి 1992లో వచ్చిన వేన్స్ వరల్డ్ సినిమాది మరో దారి. ఇద్దరు కుర్రాళ్ళు ఇంటి నేలమాళిగలో సరదాగా నడుపుకునే టీవీ కార్యక్రమాన్ని ఒక టీవీ పెద్దమనిషి చేజిక్కించుకోబోతాడు. స్కిట్‌లో ఆటస్థలమే సినిమాలో చేజారే ఆస్తి అయింది.

నేనూ ఒకప్పుడు, ఏ పెళ్ళికి వెళ్ళినా పులుసులో పులుపు తగ్గిందని వంటవాళ్ళతో తగవు పెట్టుకునే మామయ్య పాత్రను టీవీకి రాశాను. సినిమా అనేసరికి నిర్మాత, ఆయన అలా ఎందుకు తయారయ్యాడో చెప్పాలన్నారు. నేను బుద్ధి లేక, ఆకలితో గడిచిన బాల్యం అంటూ ఫ్లాష్‌బ్యాక్ పెట్టాను. నెల్లూరులో మొదటి ఆటకు వెనక వరుసలో కూర్చున్నాను. ఆ ఫ్లాష్‌బ్యాక్ నడిచిన పదకొండు నిమిషాలూ హాలులో ఎవరూ ఏడవలేదు. ఆ తరువాత మామయ్య గరిటె అందుకున్నా ఎవరూ నవ్వలేదు. ఒక మనిషి మీద జాలిపడమన్నాక, అతన్ని చూసి నవ్వడానికి జనానికి మొహమాటం.

ఊతపదం సంగతి కూడా చూసుకో. నాలుగోసారికి నటుడికన్నా ముందు ప్రేక్షకుడే అనేస్తాడు.

నీ రెండో సీనులో కనిగిరి బస్సు తప్పిపోయిన పెళ్ళికొడుకు తండ్రి మళ్ళీ కనిపించలేదు. ఆయనను వెనక్కి పిలువు. ముహూర్తం తెల్లవారుజామున పెట్టి, తాళిబొట్టు ఆయన సంచిలోనే ఉంచు. గుమస్తా ఆయనకు సాయం చేయడానికి బయలుదేరాలి, దారి కూడా తానే చెప్పాలి. ఆ ముప్పై పేజీలు రాసి ముందుగా అవే పంపు.