హైదరాబాద్‌లో పాతకాలపు సింగిల్ షాట్ మిలిటరీ రైఫిళ్లు సేకరించవచ్చా?

పాతబస్తీలో ఒకాయన మార్టినీ-హెన్రీ అనే, ఒక్కో తూటా పెట్టి కాల్చే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ చూపించి, "వందేళ్లు దాటిన సరుకు, లైసెన్స్ అక్కర్లేదు" అన్నాడని రాశారు. అలాంటివి నాలుగైదు కొని గోడకు పెట్టుకోవాలని ఉందన్నారు. ముందుగా ఒక మాట అండి, అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. నేను ఇచ్చి పోగొట్టుకున్నాను.

మా ఇంట్లో ఒక స్నైడర్ ఉంది, అదీ పాత బ్రిటిష్ కాలపు తుపాకీయే. మా తాతగారు నల్గొండ వైపు ఒక ఊళ్లో పోలీస్ పటేల్‌గా చేసేవారు. ఆయన నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు లైసెన్స్ మీదే వచ్చింది. నాన్న పోయాక లైసెన్స్ నా పేరు మీదికి మారేవరకు తుపాకీని ఇంట్లో ఉంచలేదు, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర డిపాజిట్ చేశాం. నగరంలో లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనర్. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకుంటాను, అయ్యాక తెచ్చుకుంటాను. ఒక్క తుపాకీకే ఇంత ఉంటుంది.

"పాతది కదా" అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 నుంచి. పాత నమూనా ఆయుధాలకు, పురాతన విలువ ఉన్నవాటికి, పాడైపోయినవాటికి అందులో మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అమ్మేవాళ్లు అక్కడే ఆపేస్తారు. మరమ్మతు చేసినా, చేయకపోయినా కాల్చడానికి పనికిరానిదై ఉండాలని ఆ వాక్యంలోనే షరతు ఉంది. మార్టినీ యంత్రం చాలా గట్టిది, స్ప్రింగ్ మారిస్తే నూట యాభై ఏళ్ల తర్వాత కూడా పని చేయగలదు. కాబట్టి వయసు ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. పైగా 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. నాలుగైదు అన్న ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ఇంకొకటి, వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించడం కుదరదు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య మా స్నైడర్‌ను తనతో తీసుకెళ్తానని అడిగినప్పుడు నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

ఇక నా అడ్వాన్స్ సంగతి. పదిహేనేళ్ల కిందట ఒక పాత సామాన్ల వ్యాపారి ఫలానా దేవిడీలో, అంటే నవాబుల కాలపు భవంతిలో, దొరికిందంటూ ఒక మార్టినీ చూపించాడు. ఇత్తడి మెరుపు, నల్లటి చెక్క చూసి మనసు ఆగలేదు. లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకుని వస్తాను, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి ఐదు వేలు చేతిలో పెట్టాను. ఇంటికొచ్చి ఫొటోలు పెద్దవి చేసి చూస్తే, కుడివైపు కిరీటం, విక్టోరియా రాణిని సూచించే వి.ఆర్. అక్షరాలు, బ్రిటిష్ ఆయుధ కర్మాగారం ఎన్‌ఫీల్డ్ పేరు, వాటి కింద 1862 అని ఉంది. అదే 1862 మా స్నైడర్ మీద కూడా ఉంది! ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం.

ఎలాగంటారా? మా స్నైడర్ పుట్టుకతో స్నైడర్ కాదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్, అంటే గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ. 1857లో సిపాయిలు కొవ్వు పూసిన తూటాల మీద తిరగబడ్డది ఆ తుపాకీ విషయంలోనే. 1866లో బ్రిటిష్ వాళ్లు జేకబ్ స్నైడర్ అనే అమెరికన్ పద్ధతిలో దాని వెనుక భాగం కోసి, పక్కకు తెరుచుకునే మూత అమర్చారు. అందుకే లాక్ ప్లేట్ మీద, అంటే పేల్చే యంత్రం ఉండే పక్క పలక మీద, మార్పిడికి ముందు సంవత్సరం మిగిలిపోతుంది. మార్టినీ అలా కాదు. కొత్తగా తయారుచేసి, 1871లో సైన్యంలోకి తీసుకున్నారు. దాని మీద 1862 ఉండే అవకాశమే లేదు. మళ్లీ చూస్తే ఎన్‌ఫీల్డ్ అని చెక్కిన ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ తిరగబడి ఉంది. పెషావర్ దగ్గర దర్రా ఆదంఖేల్‌లో చేత్తో చేసే నకళ్లకు అదే గుర్తు. వాళ్లు పాత తుపాకీ మీద ఉన్న గుర్తులు చూసి చెక్కుతారు, చదివి కాదు. ఐదు వేలు తిరిగి రాలేదు.

మా స్నైడర్ మీద నాకు ఇంకో ప్రేమ కూడా ఉంది. గొట్టంలోకి లైటు వేసి చూస్తే లోపల గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. చిన్నప్పుడు అరిగిపోయిందేమో అనుకునేవాణ్ని. 1857 తర్వాత తెల్లదొరలు మనవాళ్ల చేతికి ఒక తరం పాత ఆయుధమే ఇచ్చారు. తెల్ల సైనికులకు మార్టినీ వచ్చాక మన సిపాయిలకు స్నైడర్ దిగింది. పోలీసులకు నున్నటి గొట్టాలవి ఇచ్చారు. గాడులు లేక గురి తగ్గితే తమకు భయం తగ్గుతుందని వాళ్ల లెక్క. 1857లో కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్ దాడి చేసిన ఊరిది. ఆ భయం ఆ గొట్టంలో ఇప్పటికీ కనిపిస్తుంది నాకు. ఇలాంటిది నాలుగు తుపాకులు కొంటే దొరకదు, ఒక్కదాన్ని ఏళ్ల తరబడి చూస్తే దొరుకుతుంది.

ఒక బాధ కూడా చెప్పాలి. పదహారేళ్లప్పుడు, సెలవుల్లో, తాతగారు చూసి సంతోషిస్తారని సాండ్‌పేపర్‌తో తుప్పంతా తీసేశాను. లాక్ ప్లేట్ తళతళలాడింది. భుజానికి ఆనించే బట్ మీది గుండ్రటి ముద్ర మాత్రం సగం చెరిగిపోయింది. ఏ ఆయుధాగారానిదో చెప్పగలిగిన ముద్ర అది. తాతగారు ఏమీ అనలేదు, గొట్టం మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నారు. ఆ ముద్ర ఇక తెలియదు. మీకు ఏది దొరికినా గోధుమ రంగు పొరను ముట్టకండి. మెత్తటి గుడ్డ, కొద్దిగా నూనె, చెక్కకు అవిసె నూనె పలుచగా, అంతే. వర్షాకాలంలో గుడ్డ సంచిలో మూసిపెట్టకండి, తేమ అక్కడే నిలుస్తుంది.

మీరు నిజంగా మొదలుపెట్టాలనుకుంటే ఒక ఆదివారం సాలార్ జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి వెళ్లండి. తుపాకులు వరుసగా చూస్తే, ఒక్కో యంత్రం ఎలా తెరుచుకుంటుందో మీ కళ్లకు అలవాటవుతుంది. తుపాకీ కాకుండా దానితో వచ్చే సామాను, అంటే నూనె డబ్బాలు, తోలు పటకాలు, పాత డ్రిల్ పుస్తకాలు, సిపాయిల ఫొటోలు, గురువారం జుమేరాత్ బజార్‌లో వెతికి చూడండి. బయొనెట్లు, అంటే తుపాకీ మూతికి బిగించే కత్తులు, మాత్రం ఆయుధాల చట్టంలోని వస్తువులే, అడగకుండా కొనకండి.

ఆ పాతబస్తీ మనిషి దగ్గరికి మళ్లీ వెళ్తే, మార్టినీ కుడివైపు ఫొటో ఒకటి, అతని లైసెన్స్ కాపీ ఒకటి అడగండి. ఫొటోలో మార్టినీకి ట్రిగ్గర్ పైన కన్నీటి చుక్క ఆకారంలో చిన్న సూచిక ఉండాలి, బయట సుత్తి ఉండకూడదు. సంవత్సరం 1871కి ముందుదైతే ఇక్కడ రాయండి, నేను చూస్తాను. లైసెన్స్ కాపీ ఇవ్వనంటే ఫొటో చూడాల్సిన పనే లేదు.