లాయరు లేకుండా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చా? వెళ్లేముందు చేతిలో ఏముండాలి?

మీ ప్రశ్న ఇది: 42 వేలు పెట్టి కొన్న ఫ్రిజ్ పది నెలల్లో మూడుసార్లు పాడైంది. షాపువాళ్లు కంపెనీని అడగమంటున్నారు, కంపెనీవాళ్లు ప్రతిసారీ మెకానిక్‌ని పంపి సరిపెడుతున్నారు. లాయరు లేకుండా కేసు వేయొచ్చా?

వేయొచ్చండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీ కేసు మీరే నడుపుకోవచ్చు. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు. ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే వింటుంది. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. "వివాదాలన్నీ ఫలానా నగరం పరిధిలోనే" అని బిల్లు మీద అచ్చువేశారని వెనక్కి తగ్గకండి.

ఈ కేసులు సగం తేలిపోయేది మెకానిక్ మీ ఇంటికొచ్చిన రోజునే. వెళ్లేముందు జాబ్ కార్డు (చేసిన రిపేరు రాసే కాగితం) మీద సంతకమో, ఫోనుకొచ్చిన ఓటీపీయో అడుగుతాడు. అది ఇచ్చారంటే సమస్య తీరిందని మీరు ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. రేపు కమిషన్‌లో కంపెనీ లాయరు మూడు కార్డులూ ముందుపెట్టి, "మూడుసార్లు పిలిచారు, మూడుసార్లూ బాగుచేశాం, ఆయనే సంతకం పెట్టారు" అంటాడు. అందుకని ఫ్రిజ్ చల్లబడిందో లేదో చూసుకున్నాకే ఓటీపీ చెప్పండి. సంతకం తప్పకపోతే దాని పైనే "కూలింగ్ రాలేదు, కంప్రెసర్ పదే పదే ఆగిపోతోంది" అని తేదీ వేసి రాసి, ఫోటో తీసుకోండి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ అవే మాటలు వాడండి. ఒకసారి శబ్దమని, ఒకసారి వాసనని, ఒకసారి చల్లగా లేదని చెబితే అవి మూడు వేర్వేరు చిన్న సమస్యలుగా కనిపిస్తాయి. ఒకే లోపం తిరిగి తిరిగి వచ్చిందని చూపించగలిగితేనే తయారీలో లోపం ఉందన్న మీ మాట నిలబడుతుంది. మార్చిన పార్టు పేరు కార్డులో రాయించుకోండి. బిల్లు థర్మల్ కాగితమైతే ఈరోజే జిరాక్స్ తీయించండి, కొన్నాళ్లకు అక్షరాలు చెరిగిపోతాయి.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీకి పంపి జవాబు రాబడతారు, చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. అయితే వాళ్లకు ఉత్తర్వు ఇచ్చే అధికారం లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మీరు మెయిళ్లు పెట్టినా, నోటీసులు పంపినా, 1915లో ఫిర్యాదు నడుస్తున్నా ఆ గడువు ఆగదు. "చూస్తున్నాం సార్" అన్న మాట నమ్మి గడువు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ఆలస్యానికి కారణం చూపి మన్నించమని అడగొచ్చు గానీ, అది కమిషన్ ఇష్టం.

నోటీసు ఇవ్వాలని చట్టంలో లేదు. అయినా 15 రోజుల గడువుతో షాపుకూ కంపెనీకీ స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ రుజువు దాచుకోండి. కేసులో ఇద్దరినీ చేర్చండి. ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరూ తప్పు రెండోవారిదంటారు. ఫిర్యాదు, అఫిడవిట్, బిల్లు, వారంటీ కార్డు, జాబ్ కార్డులు, నోటీసు తేదీల వరుసలో పెట్టి ఆన్‌లైన్‌లో కేసు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు పెడితే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేయండి. ఫ్రిజ్ కిరాణా కొట్టు కోసం కొన్నదైతే, అది మీ బతుకుదెరువుకు స్వయం ఉపాధిగా నడుపుకుంటున్న కొట్టని ఫిర్యాదులోనే రాయాలి. లేకుంటే వాణిజ్య అవసరమని కొట్టేయించాలని చూస్తారు.

అడిగే మొత్తం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ఫ్రిజ్ ధర, మనోవేదనకు పరిహారం, ఖర్చులు వేర్వేరుగా రాయండి. 42 వేల వస్తువుకు పది లక్షలడిగితే మీ మాట బరువే తగ్గుతుంది. పాడైన కూరగాయలు, మందులు, విడిగా కట్టిన రిపేరు ఛార్జీలు ఏమైనా ఉంటే రసీదులతో చూపండి. తయారీ లోపం లేదని కంపెనీ అడ్డం తిరిగితే, నిపుణుడితో పరీక్ష చేయించమని కమిషన్‌ని మీరే కోరండి. ఆ ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావొచ్చు. తీర్పు వచ్చేదాకా ఫ్రిజ్‌ని అమ్మొద్దు, బయట మెకానిక్‌తో విప్పించొద్దు.

కమిషన్ పంపే నోటీసు, ఫిర్యాదు ప్రతి అందాక ఎదుటివారు 30 రోజుల్లో జవాబివ్వాలి, పొడిగించినా ఇంకో 15 రోజులే. ఆ 45 రోజులు దాటితే జవాబు తీసుకునే అధికారం కమిషన్‌కి లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. ఆ రోజులు లెక్కపెట్టుకోండి, దాటితే అక్కడే అభ్యంతరం చెప్పండి.

గెలిచాక వాళ్లు రాష్ట్ర కమిషన్‌కి అప్పీలుకు వెళ్లాలంటే 45 రోజుల్లో వెళ్లాలి, కట్టాల్సిన మొత్తంలో సగం ముందే డిపాజిట్ చేయాలి. అప్పీలూ చేయక, డబ్బూ ఇవ్వకపోతే 71వ సెక్షన్ కింద అమలు పిటిషన్ వేయండి. సివిల్ కోర్టు డిక్రీలాగే ఆ ఉత్తర్వును అమలు చేయిస్తారు. 72వ సెక్షన్ కింద వేస్తే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.